టమోటాకు ఎండు తెగులు: సరుకు తగ్గకముందే కనిపించే గుర్తులు

వాల్మీకిపురం: నారు నాటేనాడే రైతుకు పెట్టుబడి ఇచ్చి, కాయ తమ మండీకే రావాలని మాట పుచ్చుకునే కమీషన్ వ్యాపారులకు ధరల పతనంకన్నా ఎక్కువ నష్టం తెచ్చిపెట్టేది ఎండు తెగులు. ధర పడిపోతే తిరిగి లేస్తుంది. చెట్టు ఎండితే ఆ పంటకు ఇక కోత ఉండదు, ఇచ్చిన పైకమూ చేతికి రాదు. మదనపల్లె, వాల్మీకిపురం, గుర్రంకొండ, కలికిరి, ములకలచెరువు యార్డులకు సరుకు పంపే గ్రామాలలో ఏటేటా అదే నేలలో టమోటా వేసే అలవాటు ఉన్నందున, ఈ తెగులు లక్షణాలను రైతుతోపాటు వర్తకుడూ తెలుసుకోవడం అవసరం.

ఎండు తెగులుకు కారణం ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. ఇది గాలిలో వచ్చి ఆకుమీద పడేది కాదు, నేలలో ఉంటుంది. వేరు ద్వారా ప్రవేశించి, కాండంలో నీరు పైకి ప్రాకే నాళాలను పట్టుకుంటుంది. నాళాలు మూసుకుపోవడంతో కింద నీరు నిండా ఉన్నా చెట్టుకు అందదు. నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు తెగులు విజృంభిస్తుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న, పులుపు గుణంగల నేలలు దీనికి అనుకూలం. చెట్టు చచ్చినా శిలీంధ్రం చావదు. గట్టి పొరగల బీజాల రూపంలో ఏళ్ల తరబడి నేలలోనే పడి ఉంటుంది. ఒక తోట నుండి మరొక తోటకు నాగలికి, ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టితోను, పారే నీటితోను, తెగులు సోకిన నారుతోను చేరుతుంది.

తోట చూడబోయే బ్రోకర్లు తెలుసుకోవలసిన మొదటి విషయం ఏ పూట చూడాలన్నది. మధ్యాహ్నపు ఎండలో ఆరోగ్యమైన చెట్టు కూడా తల వాలుస్తుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. కాబట్టి ఉదయమే చూడాలి. మొదట్లో తడి ఉండి కూడా చెట్టు వాలి ఉంటే అనుమానించాలి. ఎండు తెగులులో పసుపు రంగు ముందుగా అడుగు ఆకులకు వస్తుంది. తరచు చెట్టులో ఒక పక్క మాత్రమే, ఒక్కొక్కప్పుడు ఒకే ఆకులో సగం మాత్రమే పసుపుబారడం దీని ప్రత్యేకత. పూత, పిందె దశలలో మొదలై, తొలి కోతల నాటికి బాగా బయటపడుతుంది.

రెండవ పరీక్షకు ఒక కత్తి చాలు. నేలకు కొంచెం పైన కాండాన్ని నిలువుగా చీల్చితే, బెరడుకు లోపల గోధుమ రంగు గీతలు కనిపిస్తాయి. మధ్యనున్న దూటు మాత్రం సాధారణంగా తెల్లగానే ఉంటుంది. వేరును కూడా పీకి చూడాలి. వేళ్లమీద బుడిపెలు ఉంటే నులిపురుగులు చేరినట్టు లెక్క. అవి చేసిన గాయాల వలన శిలీంధ్రం పని ఇంకా సులువవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. టమోటాను వాడగొట్టేది శిలీంధ్రం ఒక్కటే కాదు, రాల్‌స్టోనియా అనే బాక్టీరియా కూడా. దానిలో ఆకు పసుపుబారకుండా, పచ్చగా ఉండగానే చెట్టు నాలుగైదు రోజులలో కూలబడుతుంది. తేడా తెలుసుకోవడానికి ఖర్చులేని ఉపాయం: కాండం ముక్కను కోసి, గాజు గ్లాసులోని నిర్మలమైన నీటిలో కొస మునిగేలా కదలకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాలలో పాలవంటి తెల్లని దారం కిందికి జారితే అది బాక్టీరియా తెగులు. నీరు తేటగానే ఉండి, కాండంలో గోధుమ గీతలు ఉంటే శిలీంధ్రమని అనుమానించవచ్చు.

విత్తనం అమ్మేవారు ఈ తేడాను పట్టించుకోరు, “వడలు తెగులును తట్టుకుంటుంది” అని ఒక్క మాటలో తేల్చేస్తారు. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్‌నే తీసుకుంటే, అది ఆకుముడత వైరస్, బాక్టీరియా వడలు, తొలి ఆకుమాడు తెగుళ్లను తట్టుకునే సంకరం. ఫ్యుజేరియం ఆ జాబితాలో లేదు. పెట్టుబడి ఇచ్చేముందు విత్తనం పేరు ఒక్కటే అడిగితే చాలదు, ఏ తెగులును తట్టుకుంటుందో, ఆ నేలలో పోయిన ఏడాది ఏమి వేశారో కూడా అడగాలి.

రాబడులపై దీని ప్రభావం మొదట తలకిందులుగా కనిపించడం విశేషం. వాడుతున్న చెట్టుమీద కాయ ఊరకముందే రంగు తిరుగుతుంది. రైతు దొరికినంత కోసి యార్డుకు తెస్తాడు. ఒకే ప్రాంతం నుండి చిన్న కాయ, ముందుగా పండిన కాయ ఎక్కువ బాక్సులలో రావడం మొదలైతే సరుకు సమృద్ధిగా ఉందని ధర తగ్గించడానికి తొందరపడరాదు. అవి ఆ తోటల చివరి కోతలు కావచ్చు. మామూలుగా నాటిన 60, 70 రోజులకు మొదలై నెలన్నర, రెండు నెలలు సాగవలసిన కోతలు మధ్యలోనే ఆగిపోతాయి. కొరత వచ్చిననాడు ఈ మార్కెట్టు ఎంతవరకు పోగలదో 2023 జూలై చివర కిలో ధర 200 రూపాయల దరిదాపులకు చేరినప్పుడు అందరూ చూశారు. ఆ ఏటి కొరతకు వర్షాలు, వైరస్ తెగుళ్లవంటి వేరే కారణాలు ఉన్నాయన్నది వేరే విషయం.

ఫ్యుజేరియం కుటుంబం దెబ్బ కాఫీ వర్తకులకు మరింత బాగా తెలుసు. 1990లలో ఉగాండాలో రోబస్టా చెట్లలో సుమారు సగం ఈ జాతికి చెందిన మరొక శిలీంధ్రం వాతపడ్డాయి. అక్కడ చెట్టు నరికి కాల్చడం తప్ప మార్గం లేకపోయింది. కాఫీ చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. టమోటా రైతుకు ఆ బెడద లేదు, మరుసటి పంటకే నేల మార్చుకోవచ్చు.

సోకిన చెట్టును బ్రతికించే మందు లేదు. మొదళ్లలో కార్బెండజిం ద్రావణం పోయడం పక్క చెట్లకు పాకకుండా కొంత అడ్డుకుంటుందే తప్ప, ఎండిన చెట్టును లేపదు. ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువును నాటకముందే వేయాలి. వంగ, మిరప మార్చి వేస్తే ఫ్యుజేరియం కొంత తగ్గవచ్చు గాని బాక్టీరియా వాటినీ పడుతుంది. వరి, రాగి, జొన్నవంటి పంటలు వేయడం మేలు. వంగ మొదలుమీద టమోటా అంటుకట్టిన నారు కూడా ఉపయోగిస్తుంది గాని ధర ఎక్కువ.

అనుమానం తీరనివారు పూర్తిగా ఎండిపోని, అప్పుడే వాడుతున్న చెట్టును వేరుతో సహా తీసి, ప్లాస్టిక్ సంచిలో కాక కాగితంలో చుట్టి, అదేరోజు కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించుకోవచ్చు.