రొయ్య మొప్పల్లో ఉప్పునీటి లెక్క

జీవకణాన్ని బయటి ప్రపంచం నుంచి వేరుచేసేది ఒక పలుచని కొవ్వు పొర. దాని మందం ఏడెనిమిది నానోమీటర్లు. తల వెంట్రుకను పదివేల పొరలుగా చీల్చగలిగితే ఒక్కో పొర దాదాపు అంత ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు కణత్వచం. ప్రాణవాయువు, నీరు, చక్కెర, లవణాలు ఏవైనా దీన్ని దాటే లోపలికి రావాలి, వ్యర్థాలు దీన్ని దాటే బయటికి పోవాలి. నెల్లూరు తీరంలో రొయ్యల సాగు లాభనష్టాలు చాలావరకు ఈ పొర దగ్గరే తేలతాయి. రైతు రిఫ్రాక్టోమీటరుతో సెలైనిటీ (నీటి ఉప్పదనం) చూసినా, రాత్రంతా ఏరియేటర్లు తిప్పినా, గుంటలో పొటాష్ చల్లినా, సరిచేస్తున్నది రొయ్య మొప్పల్లోని కణాలకూ చుట్టూ ఉన్న నీటికీ మధ్య జరిగే రాకపోకలనే.

కణత్వచం ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువుల రెండు వరసలతో ఏర్పడుతుంది. ఈ అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నీటికి దూరంగా జరుగుతుంది. అందువల్ల నీటిని ఇష్టపడే కొసలు వెలుపలికీ లోపలికీ తిరిగి, నీరు గిట్టని తోకలు మధ్యలో ఒకదానికొకటి ఎదురుగా సర్దుకుంటాయి. 1925లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి నీటిమీద ఒకే అణువు మందాన పరిచారు. ఆ పరుపు వైశాల్యం కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపు వచ్చింది. రెండు వరసల సంగతి అలా తెలిసింది. ఈ కొవ్వు గట్టిపడిన గోడలా ఉండదని, అణువులు పక్కలకు జారుతూ ఉంటాయని, వాటి మధ్య ప్రొటీన్లు తేలుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించారు. ఇవాళ్టి అవగాహనకు పునాది అదే. ఏ పదార్థం ఎలా దాటుతుందన్నది ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: అది కొవ్వులో కరుగుతుందా, కరగకపోతే దానికి తగిన ప్రొటీన్ ఆ పొరలో ఉందా.

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ చిన్న అణువులు, వాటిమీద విద్యుదావేశం లేదు. అవి కొవ్వు పొర గుండా నేరుగా దాటిపోతాయి. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వాటంతట అవే సాగే ఈ కదలికను విసరణ అంటారు. దీనికి కణం శక్తి ఖర్చు పెట్టదు, అలాగని దీన్ని వేగిరపరచడమూ కణం చేతిలో లేదు. చెరువులో పగలు నాచు, ప్లాంక్టన్ ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా రొయ్యలతో పాటు దాన్నే వాడుకుంటాయి. తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. నీటికీ రొయ్య రక్తానికీ మధ్య తేడా తగ్గిపోతే విసరణ మందగిస్తుంది. కరెంటు పోతే ఆ వేళ డీజిల్ ఇంజన్ల మీదైనా ఏరియేటర్లు తిప్పాల్సి రావడానికి కారణం ఇంతే.

అమ్మోనియా కథ ఇంకా లోతైనది, రైతులు తప్పక తెలుసుకోవాల్సినది. మేతలోని ప్రొటీన్ అరిగాక రొయ్య అమ్మోనియాను మొప్పల గుండా నీటిలోకి వదులుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌కు ధనావేశం ఉంది కాబట్టి కొవ్వు పొర దాన్ని అంత సులువుగా పోనివ్వదు. ఆవేశం లేని అమ్మోనియా మాత్రం ఇట్టే దాటుతుంది, విషపు పని చేసేదీ ప్రధానంగా అదే. రెండింటి పాళ్లను నిర్ణయించేది పీహెచ్. 30 డిగ్రీల వెచ్చదనంలో పీహెచ్ 8 ఉన్నప్పుడు ఆవేశం లేని భాగం మొత్తంలో పదో వంతు కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే ఐదింట రెండు వంతుల దాకా పోతుంది. మధ్యాహ్నం ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది. పరీక్షలో అమ్మోనియా మొత్తం ఉదయం ఎంతో సాయంత్రం అంతే చూపించినా, సాయంత్రపు నీరు రొయ్యకు ఎక్కువ ప్రమాదం. అమ్మోనియా అంకెను పీహెచ్ పక్కన పెట్టి చదివితేనే దానికి అర్థం.

నీటి కదలికది వేరే తీరు. లవణాలు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు త్వచం గుండా నీరు జరగడమే ద్రవాభిసరణ. మైపాడు వంటి తీరగ్రామాల్లో చేపను ఉప్పు పట్టించి ఎండబెడితే చేప కణాల్లోని నీరూ, దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాలోని నీరూ బయటికి వచ్చేస్తాయి. బ్యాక్టీరియా పెరగలేక చేప నిలవ ఉంటుంది. రొయ్యల గుంటల నుంచి ఉప్పునీరు పక్క మడిలోకి ఊరితే వరికి జరిగేదీ ఇదే. నేల తడిగా కనిపిస్తున్నా, ఆ తడిలో లవణాలు ఎక్కువైపోవడంతో వేరు కణాలు నీటిని లాగలేవు, మొక్క వాడిపోతుంది. అదే తీరంలో ఉప్పుటేళ్ల ఒడ్డున మడచెట్లు పచ్చగా నిలబడతాయి. వాటి వేళ్లు చాలావరకు ఉప్పును బయటే ఆపుతాయి. కొన్ని జాతులు లోపలికి చేరిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి తోస్తాయి. ఎండలో అది తెల్లని పొడిగా ఆకుమీద పేరుకుంటుంది.

నీటి అణువు కొవ్వు పొర గుండా కొద్దికొద్దిగానే దాటుతుంది. చాలా కణాల్లో నీరు వేగంగా పోవడానికి ఆక్వాపోరిన్లు అనే ప్రొటీన్ మార్గాలున్నాయి. 1990ల తొలినాళ్లలో వీటిని కనుగొన్న అమెరికన్ శాస్త్రవేత్త పీటర్ ఆగ్రెకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒక్కో మార్గం గుండా సెకనుకు వందల కోట్ల నీటి అణువులు దాటుతాయి, లవణపు అయాన్లు మాత్రం దాటలేవు.

ఇక రొయ్య సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. రైతుల మాటల్లో 35 పీపీటీ. సాగు చేసే రకాల్లో టైగర్ రొయ్యకైనా వనామి రొయ్యకైనా రక్తంలోని లవణసాంద్రత 25 పీపీటీ నీటికి దగ్గరగా ఉంటుంది. చెరువు నీరు కూడా అక్కడే ఉంటే మొప్పల కణాలకు శ్రమ తక్కువ. అంతకంటే ఉప్పగా ఉన్న నీటిలో రొయ్య ఒంటి నుంచి నీరు బయటికి పోతుంది, లవణాలు లోపలికి వస్తాయి. పలచని నీటిలో నీరు లోపలికి చొరబడుతుంది, లవణాలు కారిపోతాయి. నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఉప్పుటేళ్లలో, బకింగ్‌హామ్ కాలువలో సెలైనిటీ అప్పుడు బాగా పడిపోతుంది, వేసవిలో మళ్లీ పైకెక్కుతుంది. ఒకే చెరువులోని రొయ్య, పంట కాలాన్ని బట్టి, కొన్నిసార్లు ఒకే పంటలోనూ, ఈ రెండు పరిస్థితులనూ చూస్తుంది.

పలచని నీటిలో కారిపోయే లవణాలను వెనక్కి రాబట్టడం విసరణ వల్ల అయ్యే పని కాదు. తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి, అంటే వాలుకు ఎదురుగా, తోడాలి. మొప్పల కణాల్లో రక్తం వైపున్న పొరలో సోడియం పొటాషియం పంపు అనే ప్రొటీన్ ఈ పనికి మూలం. ఒక్కో విడతకు అది మూడు సోడియం అయాన్లను కణం బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. విడతకు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. చిల్లుపడ్డ పడవలో నీటిని తోడుతూ ఉన్నంతసేపే పడవ తేలినట్టు, ఈ పంపు ఆడుతున్నంత వరకే కణం లోపలికీ బయటికీ ఆ తేడా నిలుస్తుంది. మనిషి ఒంట్లోనూ ఇదే పంపు ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో సుమారు ఐదో వంతు దీనికే పోతుంది.

ఏటీపీని గుర్తించినవారిలో తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోని ఫాస్ఫరస్ సమ్మేళనాల మీద పనిచేశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారు బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని గుర్తించారు. పంపు జాడ తెలియడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ, తీరపు పీతల కాళ్ల నరాలను పరీక్షిస్తూ, సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడే చురుగ్గా ఏటీపీని విడగొట్టే ఎంజైమును కనుగొన్నారు. అదే ఈ పంపు. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, ఆయనకు నోబెల్ బహుమతిలో సగం దక్కింది. పీత, రొయ్య ఒకే వర్గానికి చెందిన జీవులు కాబట్టి, ఆ పరిశోధన నెల్లూరు చెరువులకు నేరుగా వర్తిస్తుంది.

ఏటీపీ తయారయ్యేది మేత నుంచే. లవణాల తేడాను నిలబెట్టడానికి ఎక్కువ ఏటీపీ పోతే కండ పట్టడానికి తక్కువ మిగులుతుంది. మేత ఖర్చే సాగులో అన్నిటికన్నా పెద్దది కాబట్టి ఈ లెక్క రైతు జేబుకు తగులుతుంది. పైగా పంపుల సంఖ్య, చురుకు నీటికి తగినట్టు మారడానికి గంటలు, రోజులు పడతాయి. హేచరీ నుంచి తెచ్చిన సీడును, అంటే రొయ్య పిల్లలను, ఒక్కసారిగా చెరువులో పోయకుండా, సంచులను నీటిమీద తేలవేసి, చెరువు నీటిని కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేయడం ఇందుకే. ఈ పని తొందరగా ముగించాలని చూస్తే మొదటి రోజే సీడు నష్టపోతుంది. సెలైనిటీ పెరిగినప్పుడు రొయ్య కణాలు మరో ఉపాయం కూడా వాడతాయి. గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలను లోపల పోగుచేసుకుని, ప్రొటీన్లకు హాని లేకుండా బయటి ఉప్పుకు సరితూగుతాయి. గ్లైసిన్ తియ్యగా ఉంటుంది, ఉప్పునీటి రొయ్యకు రుచి ఎక్కువని చెప్పడానికి ఒక ఆధారం ఇది.

2009లో వనామి పెంపకానికి దేశంలో అనుమతి వచ్చాక తీరానికి దూరంగా, బోరు నీటితోనూ సాగు పెరిగింది. ఆ నీటిలో సెలైనిటీ సరిపోయినా లవణాల పాళ్లు సముద్రానికి సరిపోకపోవచ్చు. సముద్రంలో పొటాషియం ఒక పాలుంటే సోడియం బరువులో సుమారు 28 పాళ్లు, కాల్షియం ఒక పాలుంటే మెగ్నీషియం మూడు పాళ్లు ఉంటాయి. బోరు నీటిలో పొటాషియం తరచుగా చాలా తక్కువ. పంపు పనిచేయడానికి సోడియం ఎంత అవసరమో పొటాషియమూ అంతే అవసరం, ఏటీపీ పని చేయడానికి మెగ్నీషియం తోడుండాలి. ఇవి చాలకపోతే రొయ్య ఒళ్లు వంకరపోయి బిగుసుకుంటుంది, గుల్ల విడిచేటప్పుడు చనిపోతుంది. రైతులు దీన్ని క్రాంప్స్ అంటారు. వరికి వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌నే గుంటలో చల్లడం వెనకున్న శాస్త్రం ఇది. కేవలం కల్లుప్పు వేసి సెలైనిటీ అంకె పెంచితే ఈ లోటు తీరదు, సోడియం పాలు ఇంకా పెరిగి తేడా ముదురుతుంది.

చెరువు నీటిలోని మరో విషం నైట్రైట్ విషయంలో మాత్రం ఉప్పు నిజంగానే కాపాడుతుంది. మొప్పలు క్లోరైడ్‌ను లోపలికి తీసుకునే దారిలోనే నైట్రైట్ కూడా దూరుతుంది. నీటిలో క్లోరైడ్ ఎక్కువుంటే నైట్రైట్‌కు ఆ దారి అంతగా దొరకదు. అందుకే ఒకే మోతాదు నైట్రైట్ పలచని నీటిలో చేసే హాని ఉప్పగా ఉన్న నీటిలో చేయదు.

పంపు నిలబెట్టిన తేడాను వాడుకుని, సోడియంను వాలు వెంట దిగనిచ్చి, ఆ జోరుతో మరో అణువును లోపలికి లాక్కునే ప్రొటీన్లు కూడా కణత్వచంలో ఉన్నాయి. మనిషి చిన్నపేగులో గ్లూకోజ్, సోడియం ఇలా కలిసి లోపలికి వెళతాయి. ఆ వెంట నీరు పోతుంది. విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ దీనిమీదే నిలబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు దిలీప్ మహలనబిస్ బృందం పెద్ద ఎత్తున ఇచ్చి ప్రాణాలు కాపాడింది ఇలాంటి ద్రావణంతోనే.

పంపులూ మార్గాలూ పట్టనంత పెద్ద పదార్థాలను కణం మింగుతుంది. త్వచం లోపలికి గుంటలా కుంగి, పదార్థాన్ని చుట్టుకుని, చిన్న సంచిగా తెగి లోపలికి చేరుతుంది. తెల్లమచ్చల వైరస్ రొయ్య కణంలోకి వెళ్లేదీ ఈ పద్ధతిలోనే. 1994 చివర్లో ఈ తెగులు ఆంధ్ర తీరమంతటా టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసింది, నెల్లూరులో ఎందరో సాగు వదిలేశారు. కణం తనకు తానుగా లోపలికి తీసుకున్నదాన్ని ఆపే మందు ఇప్పటికీ చెరువుకు అందుబాటులో లేదు. వైరస్ లేని తల్లి రొయ్యల నుంచి వచ్చిన సీడును, పీసీఆర్ పరీక్ష చేయించి, తీసుకోవడం, పీతలు చెరువులోకి రాకుండా చుట్టూ వల కట్టడం, ఇన్లెట్ నీటిని వడకట్టి క్లోరిన్‌తో శుద్ధి చేయడం ఇప్పుడు ఆచరణలో ఉన్న పద్ధతులు.