లేవనని మొండికేసిన కంప్యూటరు

మా రాంగోపాల్‌పేట ఇంట్లో పన్నెండేళ్ళుగా చాకిరీ చేస్తున్న కంప్యూటరు ఒకటి ఉన్నది. దానిలోని విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో తీరిపోయింది. కొత్తది కొందామంటే జీతం ఒప్పుకోదు. ఎదురింటి ఇంజనీరింగు కుర్రాడు, "బాబాయిగారూ, లైనక్సు వేసేద్దాం. పైసా ఖర్చుండదు" అన్నాడు.

లైనక్సంటే కొత్త వింతేమీ కాదు. 1969లో అమెరికాలోని బెల్ లాబరేటరీసులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్సును పోలినది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ దాని మూలభాగం వ్రాసి లోకానికి ఊరకే ఇచ్చేశాడు.

ఆదివారం చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి పెన్‌డ్రైవు తెచ్చాం. కుర్రాడు దానిలోకి లైనక్సు ఎక్కించి, కంప్యూటరులో విండోస్ ఉన్న సీ భాగాన్ని తుడిచి అక్కడ దీన్ని పెట్టాడు. డీ భాగాన్ని ముట్టుకోలేదు. అందులో మా అమ్మ ఫోటోలున్నాయి. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. వాటికి మరెక్కడా ప్రతి లేదు.

మధ్యాహ్నం కంప్యూటరు చక్కగా లేచింది. అందరం మురిసిపోయి కాఫీలు తాగాం. రాత్రి మళ్ళీ మీట నొక్కేసరికి నల్లని తెర, దానిమీద ఒకటే ముక్క: "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టం". నా గుండె జారిపోయింది. కుర్రాడి ముఖం పాలిపోయింది.

మర్నాడు ఒక దుకాణంలో అడిగితే, "మొత్తం ఫార్మాట్ కొట్టాలండీ. ఫోటోల సంగతి చెప్పలేం" అన్నారు. ఉసూరుమంటూ ఇంటికి వచ్చాను. మా ఆవిడ అంతా విని, "ఏమండీ, నిన్న ఆ పుల్ల గుచ్చి ఉన్నప్పుడు లేచింది గదా! తీశాకే గదా మొరాయించింది?" అన్నది.

పెన్‌డ్రైవు మళ్ళీ గుచ్చాం. లేచింది! డీ భాగం తెరిస్తే అమ్మ ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి. ముందు వాటిని వేరే డిస్కులోకి ఎత్తి, తరువాతనే రోగం సంగతి చూశాం.

ఇంతకూ జరిగిందేమిటి? మీట నొక్కగానే బయాస్ అనే చిన్న ప్రోగ్రాము మేలుకొని, డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో దారి చెప్పే ఆజ్ఞలకు 446 బైట్లు, డిస్కు భాగాల పట్టికకు 64, చివర గుర్తుకు 2. లైనక్సుకు దారి చూపే ప్రోగ్రాము పేరు గ్రబ్. దాని మొదటి ముక్క ఆ కాస్త చోటులో కూర్చుని మిగిలిన ముక్కలను పిలుస్తుంది. గ్రబ్‌ను ఏ డిస్కుమీద పెట్టమంటారని లైనక్సు వేసేటప్పుడే అడుగుతుంది. మా వాడు తొందరలో పెన్‌డ్రైవును చూపించాడు. ఇల్లు క్షేమమే, కాపలావాడే జేబులో వెళ్ళిపోయాడు!

మందు సులభం. పెన్‌డ్రైవు గుచ్చి కంప్యూటరును లేపి, డిస్కుల జాబితా తెప్పించాం. 500 జీబీ అని ఉన్నది హార్డ్‌డిస్కు, 16 జీబీ అని ఉన్నది పెన్‌డ్రైవు. పేర్లు తారుమారయ్యే వీలుంది గనుక పరిమాణం చూసి పోల్చుకోవడం మేలు. హార్డ్‌డిస్కు పేరు చెప్పి గ్రబ్-ఇన్‌స్టాల్ అనే ఆజ్ఞ, ఆ వెనుక అప్‌డేట్-గ్రబ్ అనే ఆజ్ఞ ఇచ్చాడు కుర్రాడు. పెన్‌డ్రైవు తీసి మీట నొక్కితే కంప్యూటరు బుద్ధిగా లేచింది.

అయితే ఈ వైద్యం పాత యంత్రాలకే. కొత్తవాటిలో బయాస్ స్థానాన్ని యూఈఎఫ్ఐ ఆక్రమించింది. అక్కడ గ్రబ్ ఒక చిన్న ప్రత్యేక భాగంలో ఫైలుగా ఉంటుంది. యంత్రం ఏ పద్ధతిలో లేస్తుందో, పెన్‌డ్రైవునూ అదే పద్ధతిలో లేపి లైనక్సు వేయాలి. రెండు పద్ధతులూ కలగాపులగమైతే ఇలాగే మొరాయించవచ్చు.

కంప్యూటరు లేవనంత మాత్రాన లోపలి సామాను పోయినట్టు కాదు. ఫార్మాటన్నది ఆఖరి మందు. అసలు పనికి ముందే ఫోటోలకు మరో ప్రతి తీసి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టి ఉండేది. ఇప్పుడు మా తెర తెరవగానే అమ్మ నవ్వుతూ కనిపిస్తుంది. ఆ బొమ్మ అక్కడ పెట్టింది ఎదురింటి కుర్రాడే.