జంట గీత ఏం చెబుతుంది?

మేనరికం చేసుకోబోయే జంట జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, సూది కంటే ముందు బయటికొచ్చేది కాగితం, పెన్ను. ఇంట్లో వాళ్ల వివరాలు అడుగుతూ గీసే ఆ బొమ్మే పెడిగ్రీ చార్ట్, అంటే వంశపటం. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. జబ్బున్నవారి గుర్తును పూర్తిగా నింపుతారు. చనిపోయినవారి మీద ఏటవాలుగా గీత పడుతుంది. భార్యాభర్తలను కలిపేది అడ్డగీత. వాళ్లు రక్తసంబంధీకులైతే ఆ గీత జంటగా ఉంటుంది.

“మా రెండు వైపులా ఎవరికీ తలసీమియా లేదు, బిడ్డకెలా వచ్చింది?” చాలామంది అడిగేది ఇదే. ఈ జబ్బుకు సంబంధించిన జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒకటి బాగుంటే చాలు, జబ్బు రాదు. ఇలా లోపలే ఉండిపోయేదాన్ని అంతర్గత లక్షణం అంటారు. లోపమున్న ప్రతి ఒక్కటే ఉన్నవారు క్యారియర్లు. చాలా చార్టుల్లో వాళ్ల గుర్తు సగమే నింపి ఉంటుంది.

బాగున్న ప్రతికి పెద్ద ‘ఏ’, లోపమున్నదానికి చిన్న ‘ఏ’ రాయడం మెండెల్ నాటి అలవాటు. 1866లో అచ్చయిన బఠానీల వ్యాసంలో ఆయన రెండో తరం గింజలు 7,324 లెక్కపెట్టారు: 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. అంటే దాదాపు నాలుగింట ఒకటి ముడతలది. కేంబ్రిడ్జిలో రెజినాల్డ్ పన్నెట్ దీన్నే గళ్ల పటంగా గీశారు. తల్లి ఇవ్వగల రెండు అక్షరాలు పైన, తండ్రివి పక్కన రాస్తే నాలుగు గళ్లు వస్తాయి. ఇద్దరూ క్యారియర్లైతే రెండు చిన్న అక్షరాలు కలిసేది ఒక్క గడిలోనే.

అయితే నలుగురు పిల్లల్లో ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదా? అలా అనుకోకూడదు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అలాంటి 100 జంటలకు నలుగురేసి పిల్లలు పుడితే, సుమారు 32 ఇళ్లలో ఒక్కరికీ జబ్బు ఉండదు. ఆ ఇళ్లవాళ్లకు తాము క్యారియర్లమన్న సంగతే తెలియకపోవచ్చు.

ఇప్పుడు జంట గీత. నానమ్మ క్యారియర్ అనుకుందాం. ఆమె కొడుకు కూతుర్ని, ఆమె కూతురి కొడుక్కిచ్చి పెళ్లి చేశారు. వాళ్లకు పుట్టే బిడ్డకు జబ్బు రావాలంటే లోపమున్న ప్రతి రెండు దారుల్లోనూ కిందికి దిగిరావాలి. తరం నుంచి తరానికి దిగే ప్రతి గీతనూ ఒకసారి నాణెం ఎగరేయడంగా చూడండి. బొమ్మ పడితేనే ఆ ప్రతి దిగుతుంది. నానమ్మ నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవరాలికి, మనవరాలి నుంచి బిడ్డకు మూడు గీతలు. కూతురి వైపు మరో మూడు. ఆరుసార్లూ బొమ్మే పడాలి: 64లో 1. అదే మేనమామ–మేనకోడళ్ల పెళ్లైతే ఒక గీత తగ్గి, ఐదే మిగులుతాయి: 32లో 1.

అదే మనవడు బయటి సంబంధం చేసుకుంటే? ఆ జబ్బుకు జనంలో వందకొకరు క్యారియర్ అనుకుంటే, లెక్క 1,600లో 1కి పడిపోతుంది. జబ్బు ఎంత అరుదైనదైతే ఈ తేడా అంత పెద్దది. మేనరికం పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు, నిజమే. కానీ 1,600 ఎక్కడ, 64 ఎక్కడ!

ఈ లెక్కలన్నీ మనవడు, మనవరాలు క్యారియర్లో కాదో తెలియనంతవరకే. తలసీమియాకైతే రక్తపరీక్షతో అది తేలిపోతుంది. ఒకరికి రెండు ప్రతులూ బాగుంటే బిడ్డకు ఆ జబ్బు భయం దాదాపు లేనట్టే. ఇద్దరూ క్యారియర్లైతే గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించే వీలుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పసితనంలోనే పోయిన పిల్లల గురించి, నిలవని గర్భాల గురించి అడిగి రాసుకోండి. చాలా ఇళ్లలో ఎవరూ ఎత్తని సంగతులివి. చార్టులో వాటికీ చోటుంది.