దాపరికం లేని బండే మేలు!

"పిన్నీ, నేను నేకెడ్ బైక్ కొనుక్కుందామనుకుంటున్నా!"

మా అక్క కూతురు ఫోనులో ఆ మాట అనగానే ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. ఇదేం పేరే తల్లీ అంటే పకపకా నవ్వి వివరించింది. ముందువైపు గాలికి అడ్డంగా పెద్ద పెద్ద ప్లాస్టిక్ తొడుగులేవీ లేకుండా, ఇంజనూ, చాసిస్సూ అన్నీ పైకి కనబడే మోటారు సైకిల్‌ని అలా అంటారట. అంటే మన వీధుల్లో రోజూ చూసే మామూలు బైకే!

ఆ అమ్మాయి స్టాఫ్ నర్సు. ఆసుపత్రి ఇంటికి 14 కిలోమీటర్లు. డ్యూటీ దిగేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఆ వేళకి బస్సుండదు, ఆటోవాళ్లు నోటికొచ్చినంత అడుగుతారు. జీతంలో నెలనెలా మిగిల్చుకుని 70 వేలు కూడబెట్టుకుంది. "ఆడపిల్లవి, స్కూటీ చాలదటే?" అన్నారు వాళ్ల నాన్నగారు. "రోడ్డు బాగుంటే చాలు నాన్నా" అందది. అదీ నిజమే. స్కూటర్ చక్రాలు 10 లేదా 12 అంగుళాలు. బైకులకు సాధారణంగా 17, 18 అంగుళాలుంటాయి. గోతుల రోడ్డు మీద పెద్ద చక్రం నిలకడగా పోతుంది.

కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని సెకండ్ హ్యాండ్ బండి కోసం రెండు నెలలు తిరిగాం. తోడుగా వెళ్లిన నాకు బైక్ నడపడం ఇప్పటికీ రాదు గానీ, బండిని చూడ్డం మాత్రం బాగానే వచ్చింది! మీకూ, మీ ఇంట్లో అమ్మాయిలకూ పనికొస్తుందని ఆ సంగతులు చెబుతున్నాను.

ముందు మీ కాళ్లు, తర్వాత బండి

అందం చూసి బండి ఎంచుకుంటే తర్వాత ఇబ్బంది పడేది మనమే. ఎక్కి కూర్చుని రెండు పాదాలూ నేల మీద ఆనుతున్నాయో లేదో చూసుకోండి. మడమలు కాస్త లేచినా పాదాల ముందుభాగాలు గట్టిగా ఆనాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, వానలో జారే చోట ప్రాణం కాపాడేవి అవే. స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, యమహా ఎఫ్‌జెడ్‌ది 790. బజాజ్ అవెంజర్‌ది 737 మాత్రమే కాబట్టి పొట్టివాళ్లకు అది సుఖం.

ఎత్తుతోపాటు బరువూ చూడాలి. స్ప్లెండర్ 112 కిలోలుంటే, ఎఫ్‌జెడ్ సుమారు 135 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ సీటు ఎత్తు కూడా 790 మిల్లీమీటర్లే, కానీ బరువు 180 కిలోల దాకా ఉంటుంది. నడిచేటప్పుడు ఆ బరువు తెలియదు. ఇరుకు పార్కింగులోంచి ఇంజను ఆపి వెనక్కి నెట్టేటప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్ల ఇంటి ముందే ఓసారి అలా నెట్టి చూడండి. మొహమాటపడకండి!

మరొక్క మాట. గేరు లేని స్కూటరుకు మాత్రమే లైసెన్సు ఉన్నవాళ్లు దానితో గేరు బండి నడపకూడదు. ముందు లెర్నర్స్ తీసుకుని, నెల దాటాక పరీక్షకు వెళ్లి, గేరు బండికి కూడా లైసెన్సు పొందాలి. ఇది లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లతో చిక్కే.

డబ్బంతా బండికే పెట్టకండి

70 వేలు ఉన్నాయి కదా అని 70 వేల బండి చూస్తే పొరపాటే. మావాళ్లమ్మాయి మొదటే ఒక కాగితం మీద లెక్క రాసుకుంది. బండికి 52 వేలు మించకూడదు. మిగిలిన 18 వేలలో పేరు మార్పిడి, ఇన్సూరెన్సు, ఐ.ఎస్.ఐ. గుర్తున్న మంచి హెల్మెట్, ఇంజనాయిల్ మార్చి చేయించే పూర్తి సర్వీసింగు, అవసరమైతే టైర్లు, చైను సెట్టు. ఎంత మంచి పాత బండైనా రాగానే కొంత ఖర్చు పెట్టిస్తుంది. ఆ డబ్బు పక్కన లేకపోతే అరిగిన టైరుతోనే తిరుగుతాం. అది పొదుపు కాదు, ప్రమాదం.

ఏ సంవత్సరం బండి అన్నది కూడా ముఖ్యమే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు అది. కొత్తగా గేరు బండి ఎక్కేవాళ్లకు ఇది పెద్ద అండ. ఇంకా పాతవైతే కార్బురేటర్ బండ్లుంటాయి. వాటిని ఏ ఊళ్లో మెకానిక్కయినా తక్కువలో బాగుచేస్తాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. ఆ బండ్లలో తేడా వస్తే కొన్నిసార్లు స్కానర్ పెట్టి చూడాల్సి ఉంటుంది. మీ ఊళ్లో ఆ సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇంజను చల్లగా ఉండగానే చూడాలి

మేం చూసిన మొదటి బండి ఒక సెకండ్ హ్యాండ్ షాపులోది. నల్లగా నిగనిగలాడిపోతోంది! నాకైతే తెగ నచ్చేసింది. మాతో వచ్చిన మెకానిక్ మాత్రం ఇంజను దగ్గర చెయ్యి పెట్టి, "వేడిగా ఉందమ్మా, మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారు" అన్నాడు. చల్లటి ఇంజను ఒకటి రెండు ప్రయత్నాల్లో అందుకుంటేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. వేడిచేసి ఉంచితే లోపం ఉన్నా బయటపడదు. అందుకని పొద్దున్నే వెళ్లండి. "మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి.

స్టార్ట్ చేశాక సైలెన్సర్ వైపు చూడండి. చలి ఉదయం మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వస్తే కంగారు లేదు. నీలంగా పొగ వస్తే ఇంజనాయిల్ లోపల మండిపోతోందని అర్థం. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి. ఆ మరమ్మతు ఖరీదైనది. నల్లటి పొగైతే పెట్రోలు ఎక్కువగా పడుతోందన్నమాట. ఆ నిగనిగల బండి యాక్సిలరేటర్ తిప్పగానే నీలంగా వదిలింది. దణ్ణం పెట్టి వచ్చేశాం.

తొడుగు లేని బండితో లాభమే అది. ఇంజను కీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే కంటికే కనబడుతుంది. అప్పుడే కడిగి తుడిచి ఉంటే మాత్రం అనుమానించండి. పది నిమిషాలు నడిపాక ఇంజను అడుగున ఒక తెల్ల కాగితం పరచి చూడండి. చుక్కలు పడితే లీకున్నట్టే.

పడిన బండి తనే చెబుతుంది

కింద పడిన బండి దెబ్బలు దాచుకోలేదు. హ్యాండిల్ చివరలు, బ్రేకు, క్లచ్ లివర్ల కొసలు, ఫుట్ రెస్టులు, సైలెన్సర్ పక్కభాగం చూడండి. ఒకే వైపు గీతలుంటే ఆ వైపు పడిందన్నమాట. నిలబెట్టిన చోట ఒరిగి పడితే పోనీలే అనుకోవచ్చు. పెద్ద ప్రమాదమైతే వద్దే వద్దు. అది తెలియాలంటే వెనక నిలబడి రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడాలి. చాసిస్ అతుకుల దగ్గర కొత్త పెయింటు, వెల్డింగు కనబడితే ఇంక బేరం ఆడక్కర్లేదు.

ముందు ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ చారలుంటే సీళ్లు పోయినట్టు. హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పినప్పుడు మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ అరిగింది. వెనక పళ్లచక్రం పళ్లు కొక్కేల్లా వంగి సన్నబడ్డాయంటే చైనుతో సహా మొత్తం సెట్టు మార్చాలి. ఇవన్నీ బాగయ్యేవే. కానీ ఒక్కొక్కటీ ధర తగ్గించమని అడగడానికి ఒక్కొక్క కారణం!

టైరు మీద నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పైన గాళ్లు లోతుగానే ఉన్నా పక్కన పగుళ్లుంటే ఆ టైరు పని అయిపోయినట్టే.

మీటరు అంకెను మాత్రం కళ్లు మూసుకుని నమ్మకండి. దాన్ని మార్చేవాళ్లున్నారు. 15 వేల కిలోమీటర్లే తిరిగిందంటారు, చూస్తే ఫుట్ రెస్టు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటుంది. రబ్బరు అబద్ధం చెప్పదు కదా!

ఆడవాళ్లు మరువకూడనిది మరొకటుంది. శారీ గార్డు! స్టైల్ కోసం చాలామంది కుర్రాళ్లు దాన్ని పీకేస్తారు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చుట్టుకోకుండా కనీసం సగం చక్రానికి రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. అమ్మని ఎక్కించుకుని గుడికి వెళ్లాలంటే అది ఉండాల్సిందే.

నడపకుండా కొనొద్దు

స్వయంగా నడిపి చూడండి. మీకింకా లైసెన్సు రాకపోతే మెకానిక్ చేత నడిపించండి. గేర్లన్నీ పైకీ కిందకీ మార్చాలి. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. ఏబీఎస్ దీపం తాళం తిప్పగానే వెలిగి, బండి కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానమే, ఆరకపోయినా అనుమానమే.

మెకానిక్ మీకు తెలిసినవాడై ఉండాలి. అమ్మేవాళ్లు పిలిచినవాడు కాదు. అతనికిచ్చే కూలి దండగ అనుకోకండి. మా అమ్మాయి ఒక పూటకి ఇచ్చిన 500 రూపాయలే నీలం పొగ బండి నుంచి కాపాడాయి.

చూడ్డానికి పగటిపూటే, తోడు తీసుకుని వెళ్లండి. బండిని కళ్లారా చూడకుండా అడ్వాన్సు పంపొద్దు. "మిలిటరీలో ఉన్నాను, బదిలీ అయింది, డబ్బు పంపితే బండి పార్సిల్ చేస్తా" అనే ఫోన్లు మోసగాళ్లవే.

దాపరికమంతా కాగితాల్లోనే

చివరికి మాకు నచ్చింది 2019 నాటి ఎఫ్‌జెడ్. దుమ్ముపట్టి ఉంది, కానీ ఇంజను చల్లగా ఉంది! పిల్లాడు పుట్టాడని కారు కొనుక్కున్న ఒక ఉద్యోగి దాన్ని అమ్ముతున్నారు. 56 వేలన్నారు. వెనక టైరు, చైను సెట్టు చూపించి 50 వేలకు ఒప్పించింది. అటక మీద పడేసిన శారీ గార్డు కూడా దింపించి పెట్టించుకుంది. అంతా అయిపోయింది, డబ్బు ఇచ్చేద్దామన్నాను నేను. "ఉండు పిన్నీ" అని పరివాహన్‌లో బండి నంబరు కొట్టింది. ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా అలాగే ఉంది!

"అప్పు తీరి చాలాకాలమైంది మేడమ్, ఆ కాగితం సంగతి మర్చిపోయాను" అన్నారాయన. మంచి మనిషే. కానీ అప్పు తీరినట్టు ఫైనాన్స్‌వాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకపోతే ఆర్సీలో ఆ పేరు పోదు, బండి మన పేరు మీదకి రాదు. "అవి వచ్చాకే డబ్బు ఇస్తానండీ" అంది మా అమ్మాయి, నెమ్మదిగానే, నవ్వుతూనే. 20 రోజులు పట్టింది. ఆగింది.

చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద వెతికి ఆర్సీతో అంకె అంకె పోల్చుకోవాలి. గీకి, దిద్దినట్టుంటే వదిలేయండి. పెండింగు చలాన్లు చూసి అమ్మేవాళ్ల చేతే కట్టించాలి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు డబ్బు చేతులు మారే రోజే జరగాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. 2014 జూన్ నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేర్వేరు రాష్ట్రాలు కాబట్టి, హైదరాబాద్ బండి విజయవాడలో పేరు మార్చుకోవాలంటే ఎన్‌ఓసీ కావాలి. ఆ ఖర్చూ, శ్రమా లెక్కలో వేసుకోండి.

2018 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. దాంతో 'ఇన్సూరెన్సు ఉందిలే' అని చాలామంది అంటారు. 2020లో కొన్న బండికి ఆ అయిదేళ్లు 2025లోనే తీరిపోయాయి, గమనించండి. పాలసీ నడుస్తుంటే 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి.

మీ పాత బండి అమ్మేస్తున్నా ఈ జాగ్రత్తలే. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాదం కేసుల్లో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఎవరో నడిపితే నష్టపరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇంతా చేశాక ఆర్సీ ఎవరి పేరు మీద పెట్టాలనే ప్రశ్న ఇంట్లో వచ్చింది. "నాన్న పేరు మీద ఉంటే ఏమవుతుంది?" అంది మా అక్క. "ఏమీ కాదమ్మా. కానీ డబ్బు నాది, నడిపేది నేను, బాధ్యతా నాదే" అంది కూతురు. వాళ్ల నాన్నగారే ఆధార్ కాపీలు జిరాక్స్ తీయించుకొచ్చారు!

ఇప్పుడు రాత్రి పదింటిలోపు నాకు ఫోనొస్తుంది. "వచ్చేశా పిన్నీ" అని. ఆ ఒక్క మాట కోసం 20 రోజులు ఆగడం ఏపాటిది చెప్పండి!