డిక్కీలో పట్టునది, కారు మోయునది

హైదరాబాదు ఆగ్నేయపు అంచున, నాగార్జునసాగర్ రహదారికి చేరువగా ఉన్న మీర్‌పేటలో కారు కొనదలచిన గృహస్థు మొదట అడుగునది ధర, పిమ్మట మైలేజి. డిక్కీ సంగతి తరచుగా కొన్న తరువాతనే జ్ఞప్తికి వచ్చును. ఎల్.బి.నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా అమీర్‌పేట వరకు 2018 సెప్టెంబరులో మెట్రోరైలు నడువనారంభించినది. ఒంటరిగా ఉద్యోగమునకు పోవువానికి అది చాలును. ఇంటిల్లిపాదీ కదలునప్పుడు, ఊరినుండి బియ్యపు బస్తాలు తెచ్చుకొనునప్పుడు కారు అక్కరపడును. కావున సామాను విషయమును ముందుగానే విచారింపవలెను.

లీటరు అనగా నేమి?

డిక్కీ పరిమాణమును లీటర్లలో చెప్పుదురు. దానిని నీరు పోసి కొలువరు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందముగల దిమ్మెలను పేర్చి లెక్కింతురు. ఒక్కొక్క దిమ్మె ఘనపరిమాణము 1000 ఘన సెంటీమీటర్లు, అనగా సరిగా ఒక లీటరు. దిమ్మె పట్టని మూలలు లెక్కలోనికి రావు. అయితే వెనుకసీటు ఎత్తు వరకే కొలిచిన అంకెకును, పైకప్పు వరకు కొలిచిన అంకెకును చాల భేదముండును. రెండు కార్లను పోల్చునప్పుడు రెంటిని ఒకే విధముగా కొలిచిరా యని చూడవలెను. ద్వారము ఇరుకైనచో లోపల ఎంత చోటున్నను పెద్దపెట్టె దూరదు. ఇంటనున్న పెట్టెను తీసికొనిపోయి పెట్టిచూచుట అన్నిటికంటె మేలైన పరీక్ష.

చోటు వేరు, బరువు వేరు

వాగన్-ఆర్ కారు డిక్కీ 341 లీటర్లు. లీటరు బియ్యము సుమారు 0.8 కిలోగ్రాములు తూగును. ఈ లెక్కన అందులో 25 కిలోల బస్తాలు దాదాపు పది పట్టవలెను. కాని కారు అంత మోయగలదా? ఉదాహరణకు ఒక చిన్నకారు ఖాళీబరువు 880 కిలోలు, నిర్మాతలు అనుమతించిన మొత్తము బరువు 1340 కిలోలు అనుకొందము. భేదము 460 కిలోలు. తలకు 65 కిలోల చొప్పున ఐదుగురు కూర్చున్నచో 325 కిలోలు పోయి 135 మిగులును. అనగా ఐదు బస్తాలు మాత్రమే. దూదిపరుపులకు చోటు హద్దు, బియ్యమునకు బరువు హద్దు.

బరువు ఎక్కడ పెట్టవలెను?

కారును మీటగా భావింపవచ్చును. వెనుక ఇరుసు దానికి ఆధారము. రెండు ఇరుసుల మధ్య దూరము 2.4 మీటర్లనుకొని, వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనుకగా 100 కిలోలు ఉంచినచో, ముందుచక్రములపై భారము 25 కిలోలు తగ్గి, వెనుకచక్రములపై 125 కిలోలు పెరుగును. ముందుచక్రముల పట్టు సడలును. హెడ్‌లైట్లు పైకెత్తుకొని ఎదుటివారి కన్నులలో పడును. వెనుకభాగము నేలకు దిగును. 2020 అక్టోబరు వానలకు మీర్‌పేట పెద్దచెరువు దిగువ కాలనీలలో నీరు నిలిచిన సంగతి తెలిసినదే. అట్టిచోట ఖాళీకారుకు చెప్పిన నేలయెత్తును నమ్మరాదు. బరువైన వస్తువులను అడుగున, వెనుకసీటుకు ఆనించి ఉంచవలెను. పైకప్పుపై కట్టినచో గరిమనాభి పైకిపోయి మలుపులలో కారు ఒరుగును.

మరొక ప్రమాదము గలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనినో గ్రుద్దుకొని ఒక మీటరులో ఆగినచో, 25 కిలోల బస్తాను నిలుపుటకు సుమారు 2400 న్యూటన్ల బలము కావలెను. అది బస్తా బరువునకు దాదాపు పదిరెట్లు. త్రాటితో కట్టని బస్తా ముందున్నవారి వీపుపై పడును.

ఎన్నిక

2006 నుండి మన దేశమున నాలుగు మీటర్లకు మించని చిన్నకార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుండి పెట్రోలు ఇంజను 1200 ఘన సెంటీమీటర్లకు మించని అట్టి కార్లపై జి.ఎస్.టి. 18 శాతము, పెద్దకార్లపై 40 శాతము. పొడవును కుదించునప్పుడు కోతపడునది తరచుగా డిక్కీయే. ఏడుగురు కూర్చుండు ఎర్టిగాలో మూడవ వరుస నిలిపియుంచిన 209 లీటర్లే, మడిచిన 550. అందరును, సామానును ఒకేసారి పట్టునని తలచువారు ఈ రెండు అంకెలను చూడవలెను. సి.ఎన్.జి. కారులో ఒకే పెద్దసిలిండరు డిక్కీలో చాలభాగమును ఆక్రమించును. 2023లో టాటావారు దానికి బదులు రెండు చిన్నసిలిండర్లను డిక్కీ అడుగున అమర్చిన కార్లను విడుదల చేసిరి.

విద్యార్థులు ఇంట కారున్నచో టేపుతో డిక్కీని కొలిచి, ఖాళీబరువును, అనుమతించిన బరువును కారుపుస్తకములో చూచి, ఎన్ని బస్తాలు తేవచ్చునో లెక్కకట్టవచ్చును. పండుగ ప్రయాణమునకు ముందు చేసిన ఈ లెక్క, టైర్లకును ప్రాణములకును రక్ష.