తుప్పు నిరోధక పూతలు

తేమ, నీరు, ఉప్పుగాలి సోకే చోట్ల ఇనుము, ఉక్కు వంటి లోహాలు తుప్పు పట్టకుండా వాటి ఉపరితలంపై వేసే రక్షక పొరలను తుప్పు నిరోధక పూతలు అంటారు. వంతెనలు, ఓడలు, నీటి ట్యాంకులు, పైపులైన్లు, కర్మాగారాలలో వీటి వాడకం ఎక్కువ.

తుప్పు పట్టే విధానం

తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయనిక చర్య. దీనికి ఆక్సిజన్, నీరు రెండూ అవసరం. కంటికి కనిపించనంత పలుచని నీటిపొర ఉన్నా చాలు. అందులో ఉప్పు కరిగి ఉంటే విద్యుత్ ప్రసారం సులువై చర్య వేగవంతమవుతుంది. తుప్పు తనకు మూలమైన ఇనుము కంటే ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. అందువలన రంగు కింద మొదలైన తుప్పు ఆ రంగును పైకి లేపి ఊడగొడుతుంది.

రకాలు

అడ్డుపొరలు: ఎపాక్సీ వంటి రంగులు నీటిని, లవణాలను లోహానికి చేరనీయకుండా అడ్డుకుంటాయి. ఎపాక్సీ ఎండకు వెలిసి పొడి రాలుతుంది కనుక ఆరుబయట దానిపై పాలియురేథేన్ పూత వేస్తారు.

త్యాగపొరలు: ఇనుము కంటే జింకుకు చర్యాశీలత ఎక్కువ. అందుచేత గీత పడి ఇనుము బయటపడినా ముందుగా జింకే క్షయమవుతుంది. తగరపు పూత ఇందుకు విరుద్ధం. గీత పడినచోట ఇనుమే త్వరగా తుప్పు పడుతుంది. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన జింకులో ఉక్కును ముంచి తీయడాన్ని గాల్వనైజింగ్ అంటారు. ఫ్రాన్సుకు చెందిన స్టానిస్లాస్ సోరెల్ 1837లో దీనికి పేటెంటు పొందాడు.

పూత వేసే విధానం

ఎంత మంచి రంగైనా మురికి ఉపరితలంపై నిలవదు. ముందుగా పాత తుప్పును, జిడ్డును, లవణాలను తొలగించాలి. పూత కింద ఉప్పు మిగిలితే అది నీటిని లోపలికి లాగి బుడగలు లేపుతుంది. సాధారణంగా గాలిలో తేమ 85 శాతం మించినప్పుడు రంగు వేయరు. ఉక్కు ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. లేనిచో ఉక్కుపై నీరు చెమర్చి రంగు అంటుకోదు. అయితే గాలిలోని తేమతోనే గట్టిపడే పాలియురేథేన్ రంగులు కూడా ఉన్నాయి.

ఉదాహరణ

రామేశ్వరం ద్వీపాన్ని ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ రైలు వంతెన 1914లో ప్రారంభమైంది. సముద్రపు గాలికి తుప్పు పట్టి బలహీనపడటంతో 2022 డిసెంబరులో దానిపై రైళ్ళు నిలిపివేశారు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనకు పాలిసిలోక్సేన్ పూత వేశారు. స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు వాడారు. పూత ఏదైనా శాశ్వతం కాదు. తరచు తనిఖీ చేసి, దెబ్బతిన్నచోట వెంటనే సరిచేయడం వలననే నిర్మాణాల ఆయుర్దాయం, ప్రయాణికుల భద్రత నిలుస్తాయి.