పాత అంబాసిడర్‌కు క్రొత్త సీటు బెల్టు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు స్థిరపడి నూరేండ్లు దాటినది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారు ఇక్కడ కర్మాగారం నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పనివారు తరతరాలుగా వచ్చి చేరుతూనే ఉన్నారు. స్వగ్రామానికి పోవలెనన్న వీరికి రైలే దగ్గరి చుట్టం. అయినను పెండ్లిళ్లకూ పండుగలకూ సామానుతో, వృద్ధులతో, పసిపిల్లలతో కారులో బయలుదేరే కుటుంబాలు ఉన్నవి. బాలాసోర్, భద్రక్, కటక్, భువనేశ్వర్, బరంపురం మీదుగా ఇచ్ఛాపురం చేరుటకు 16వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 500 కిలోమీటర్లు. ఒకప్పుడు ఎడ్లబండ్ల ప్రక్కన నలభై కిలోమీటర్ల వేగంతో పోయిన పాత అంబాసిడరు, నేడు అదే దారిలో భారీ ట్రైలరు లారీల నడుమ ఎనభైకి తగ్గకుండా పోవలసి వస్తున్నది.

ఆ కారు పుట్టినది కూడా ఈ రాష్ట్రంలోనే. హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలోని హిందూస్తాన్ మోటార్స్ కర్మాగారంలో, బ్రిటిష్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి 1950వ దశకం చివర మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. ఇన్నేండ్లలో ఇంజన్లు మారినవి, ముందు జాలీ మారినది, కాని మూల శరీరం పెద్దగా మారలేదు. మన దేశంలో క్రొత్త కార్ల ముందు సీట్లకు బెల్టులు అమర్చుట 1994 నుండి, వెనుక సీట్లకు 2002 నుండి తప్పనిసరి అయినది. కనుక మార్క్ టు, మార్క్ త్రీ, మార్క్ ఫోర్ అంబాసిడర్లను తండ్రుల నుండి, తాతల నుండి పొందిన వారికి ఆ కారుతో పాటు బెల్టు రాలేదు. బెల్టు అమర్చి ఉన్న కారులోనే దానిని ధరించవలెనని నిబంధన చెబుతున్నది. 2019 సవరణ తరువాత ధరించని వారికి జరిమానా వెయ్యి రూపాయలు. బెల్టే లేని పాత కారు యజమానికి చట్టం వలన చిక్కు లేకపోవచ్చును. భౌతిక శాస్త్రం మాత్రం అటువంటి మినహాయింపు ఇవ్వదు.

“రేకు మందం, బండి గట్టిది, దీనికి బెల్టెందుకు?” అనే మాట తరచు వింటుంటాము. బండి గట్టిదే. అయితే బండి ఆగినా లోపలి మనిషి ఆగడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవు కారులోని 70 కిలోల మనిషిని అర మీటరు దూరంలో నిలుపుటకు కావలసిన బలం సగటున సుమారు 1,380 కిలోల బరువుకు సమానం. ఖాళీ అంబాసిడరు బరువు కంటె ఇది ఎక్కువ. బెల్టు లేనివానికి ఆ అర మీటరు కూడా దక్కదు. స్టీరింగు చక్రమో, అద్దమో అతనిని కొద్ది అంగుళాలలో ఆపివేస్తుంది, బలం ఎన్నో రెట్లవుతుంది. పైగా పాత కార్లలో గుద్దుకున్నప్పుడు తనంతట ముడుచుకొనే స్టీరింగు కడ్డీ లేదు. ఇక ఒడిలోని పది కిలోల పాపను తల్లి పట్టుకొని ఆపవలెనన్న, అదే లెక్కన, సుమారు 200 కిలోలను ఆపవలెను. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు రూపొందించెను. ఆయన అంతకు ముందు విమాన చోదకులను ప్రమాదంలో బయటకు ఎగురవేసే సీట్లపై పనిచేసిన వాడగుట విశేషం. మనిషిని బయటకు విసరుట తెలిసినవాడే లోపల నిలుపుటయు నేర్చెనన్నమాట. ఆ సంస్థ ఈ రూపకల్పనను ఇతర తయారీదారులు కూడా వాడుకొనుటకు అనుమతించినది.

బెల్టు కొనుట సులభం. మంచి బెల్టు పట్టీ సుమారు 1,500 కిలోల లాగుడుకు తెగరాదని అంతర్జాతీయ ప్రమాణం. పట్టీ తెగుట అరుదు. తెగునది, చీలునది దానిని బిగించిన రేకు. ప్రమాణ పరీక్షలో భుజం భాగాన్నీ నడుము భాగాన్నీ ఒకేసారి, ఒక్కొక్కదానిని సుమారు 1,375 కిలోల బలంతో లాగి, కారు శరీరం ఓర్చినదా లేదా అని చూస్తారు. నలభై ఏండ్ల ఫ్లోరు రేకుకు రంధ్రం వేసి, బోల్టుకు మామూలు వాషరు తగిలించి బిగిస్తే అది ఈ పరీక్షకు నిలువదు. వాషరు రేకును చీల్చుకొని వచ్చేస్తుంది. అటువంటి బెల్టు ధరించినవానికి దక్కునది ధైర్యం మాత్రమే, రక్షణ కాదు.

కాబట్టి పని బెల్టుతో గాక తుప్పుతో మొదలు కావలెను. అంబాసిడరుకు లారీకి వలె వేరే చట్రం లేదు, శరీరమే చట్రం. సీట్లు విప్పి, క్రింది తివాచీ, తారు పొర తీసివేసి, ఫ్లోరు రేకును, తలుపుల క్రింది గడప భాగాన్ని, ముందు వెనుక తలుపుల మధ్య స్తంభం మొదలును సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. గట్టి రేకు గంగుమంటుంది, తుప్పు పట్టినది మూగగా పలుకుతుంది. బంగాళాఖాతపు తేమ గాలి, వానకాలపు నీరు ఈ ప్రాంతపు బండ్లకు చేసే చేటు ఇంతంత కాదు. స్క్రూ డ్రైవరు మొన లోపలికి దిగిన చోట రేకు కోసి క్రొత్తది అతికించే వరకు బెల్టు మాట ఎత్తరాదు.

రంధ్రాలు ఎక్కడ వేయవలెననుటకు ఒక సులువైన మార్గం ఉన్నది. మూల శరీరం ఒకటే గనుక, 1994 తరువాతి అంబాసిడరు నొకదానిని చూచి, కంపెనీ వారు బిందువులు ఎక్కడ పెట్టినారో కొలతలు తీసుకొనవచ్చును. నడుము పట్టీ కొక్కెములు సీటుకు ఇరువైపుల, ఫ్లోరుపై, పట్టీ సుమారు 45 డిగ్రీలు లేక అంతకు కొంచెం నిటారుగా పైకి వచ్చునట్లుండవలెను. మరీ వెనుకకు పెట్టిన పట్టీ నడుము ఎముకను విడిచి మెత్తని పొట్టపైకి జారుతుంది. భుజం బిందువు మధ్య స్తంభంపై, కూర్చున్నవారి భుజం ఎత్తుకు తగ్గకుండా ఉండవలెను. తగ్గితే పట్టీ వెన్నెముకను క్రిందికి నొక్కుతుంది. స్తంభం బోలు పెట్టె కావున పై రేకుకు మాత్రమే బిగించుట ప్రమాదం. దాని లోపల మరలు కోసిన ఉక్కు పలకను వెల్డింగు చేయించవలెను. ఈ పని ఇంటి పెరట్లో జరుపదగినది కాదు. కారు శరీరపు వెల్డింగులో చేయి తిరిగినవాని వద్దనే చేయించవలెను.

ఫ్లోరు బిందువులను మాత్రం ఓపిక గలవారు ఇంటివద్దనే చేసికొనవచ్చును. డ్రిల్లు పట్టుటకు ముందు కారు క్రింద దూరి పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం, వైర్లు ఎటు పోతున్నవో చూడవలెను. రేకు క్రింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, సుమారు 75 మిల్లీమీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల వెడల్పు గల ఉక్కు పలకను, మూలలు గుండ్రంగా అరగదీసి పెట్టవలెను. మూల పదునుగా ఉంటే అదే రేకును కోస్తుంది. బోల్టులు బెల్టుతో వచ్చినవే వాడవలెను. సీటు బెల్టుకు సాధారణంగా 7/16 అంగుళాల సన్నమర బోల్టు వాడుక. దాని స్థానంలో బజారులో దొరికిన ఏదో బోల్టు పనికిరాదు. రంధ్రపు అంచుకు రెడాక్సైడు పూసి, ఆరిన పిదపనే బిగించుట మంచిది. నట్టూ, వాషరూ, బిగువూ అనేవి మన కర్మాగారాల వారికి నేర్పవలసినవి కావు. ఆ సామాను మాత్రం సొంత డబ్బుతో కొనదగినదని వేరుగా చెప్పనక్కరలేదు.

పాత పట్టీని మాత్రం కొనవద్దు. కలకత్తా మల్లిక్ బజారులో పాత కార్ల విడిభాగాలు దొరకనివి లేవంటారు, నిజమే. అద్దమో, హ్యాండిలో అక్కడ తెచ్చుకొనుటలో దోషం లేదు. కాని ఒకసారి ప్రమాదంలో మనిషిని ఆపిన పట్టీ దారాలు సాగిపోయి ఉంటాయి, కంటికి తెలియదు. ప్రమాణ ముద్ర గల క్రొత్తదే కొనవలెను. తనంతట చుట్టుకొనే రీలు రకం తీసుకుంటే, దానిని తయారీదారు చెప్పిన కోణంలోనే బిగించవలెను. వంకరగా బిగించిన రీలు ఎల్లప్పుడూ పట్టివేయవచ్చును, లేదా అవసర సమయంలో పట్టకనే పోవచ్చును. కారు అసలు రూపం చెడుతుందని బెంగపడే వారికి రీలు లేని స్థిర పట్టీ నయం, కాని ధరించిన ప్రతిసారీ సరిచేసికొనవలెను.

ముందు సీటు ఒకటే పొడవాటి బల్లగా ఉన్న కార్లలో ముగ్గురు కూర్చొనుట మనకు అలవాటు. రెండు బెల్టులు పెట్టిన పిదప ఆ మూడవ చోటు వదులుకొనవలసినదే. సీటును పట్టి ఉంచే పట్టాల బోల్టులు కూడా అప్పుడే చూడవలెను. సీటే ఊడి ముందుకు వస్తే బెల్టు ధరించిన మనిషిపై దాని బరువు కూడా పడుతుంది.

వెనుక సీటును మరువరాదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఆధునికమైన కారు వెనుక సీటులో బెల్టు ధరించక మరణించుట అందరికీ తెలిసినదే. మన అంబాసిడరులో వెనుక కూర్చొనునది అమ్మమ్మలు, తాతయ్యలు, పిల్లలు. వెనుక మూడు బిందువుల బెల్టుకు చోటు కుదరకపోతే ఫ్లోరుకు బిగించిన నడుము పట్టీ అయినా ఏమీ లేకుండుట కంటె మేలు. ఒక పట్టీలో ఇద్దరు పిల్లలను కట్టుట, ఒడిలో పాపను పెట్టుకొని తన చుట్టూ పట్టీ వేసికొనుట రెండూ కీడే.

పని పూర్తి అయిన తరువాత ప్రతి బోల్టు తలపై, ప్రక్కనున్న పలకపై కలిపి ఒక పసుపు గీత గీయవలెను. మొదటి 100 కిలోమీటర్ల తరువాత, ఆపైన వానకాలం ముందూ వెనుకా సీటు ఎత్తి చూచినప్పుడు ఆ గీత విరిగి కనబడితే బోల్టు తిరిగినట్లు. ఇచ్ఛాపురం దారి పట్టుటకు ముందు ఇంటిలో పెద్దవాడైన పిల్లవానికి ఈ పరీక్ష అప్పగించవచ్చును, పది నిమిషాల పని.